రాజియెల్‌ని మళ్లీ బతికించొద్దు: ఆగిపోయిన లెగసీ ఆఫ్ కెయిన్ సీక్వెల్‌కి నా కథ

ముందే చెప్పేస్తున్నా, ఇది స్పాయిలర్ల పుట్ట. లెగసీ ఆఫ్ కెయిన్ సిరీస్‌లో ముఖ్యమైన గేమ్‌ల ముగింపులన్నీ ఇక్కడ బయటపడిపోతాయి. సోల్ రీవర్ రీమాస్టర్ కొనిపెట్టుకుని ఇంకా మొదలుపెట్టనివాళ్లు ఉంటే, ఈ పేజీని బుక్‌మార్క్ చేసుకుని ఆడాక రండి.

మిగతావాళ్లకి విషయం తెలుసు. 2003 నవంబర్‌లో డిఫయన్స్ వచ్చింది. కథ ఎక్కడ ఆపకూడదో సరిగ్గా అక్కడ ఆపింది. ఆ తర్వాత కథని ముందుకు తీసుకెళ్లే ప్రయత్నాలు ఒకదాని తర్వాత ఒకటి మూలనపడ్డాయి. మొదటిది ది డార్క్ ప్రాఫెసీ. రిచువల్ ఎంటర్‌టైన్‌మెంట్ అనే స్టూడియోకి అప్పగించారు, 2004లోనే ఆపేశారు. రెండోది డెడ్ సన్. క్లైమాక్స్ స్టూడియోస్ 2009 నుంచి పనిచేస్తే, స్క్వేర్ ఎనిక్స్ 2012లో క్యాన్సిల్ చేసింది. అలాంటి గేమ్ ఒకటి ఉండేదన్న సంగతి కూడా మనకి 2013లోగానీ తెలియలేదు. దాని మల్టీప్లేయర్ ముక్కని విడదీసి సైయానిక్స్ చేతికిస్తే, అది నాస్‌గోత్ అనే ఆన్‌లైన్ గేమ్ అయింది. బీటా దాటకుండానే 2016 మే 31న దాని సర్వర్లు ఆగిపోయాయి. అదే సైయానిక్స్ చేసిన రాకెట్ లీగ్ ఎంత హిట్టో చెప్పక్కర్లేదు. తప్పు చేసినవాళ్లలో లేదు, చేయించిన పనిలో ఉంది.

డెడ్ సన్ ఫుటేజ్ బయటికి వచ్చినప్పుడు చాలామంది అయ్యో అన్నారు. నేను అనలేదు. చూడ్డానికి బాగానే ఉంది, కొట్లాట బరువుగా ఉంది. కానీ హీరో ఆషర్ అనే కొత్తవాడు. కెయిన్, రాజియెల్‌ల కథకి అది నేరుగా కొనసాగింపు కాదు. ఇంట్లో దీపం వెలిగించమంటే పక్క వీధిలో ట్యూబ్‌లైట్ పెట్టించినట్టు. నాకు కావలసింది డార్క్ ప్రాఫెసీ మొదలవ్వాల్సిన చోటు, అంటే డిఫయన్స్ చివరి షాట్ తర్వాతి క్షణం. అక్కడి నుంచి ఏం జరగాలో చాలాకాలంగా బుర్రలో తిరుగుతున్న కథ ఒకటి ఉంది.

ముందు, మర్చిపోయినవాళ్ల కోసం నాలుగు ముక్కలు. నాస్‌గోత్ అనే నేలని తొమ్మిది స్తంభాలు కాపాడుతుంటాయి, ఒక్కో స్తంభానికి ఒక్కో సంరక్షకుడు. వాటిలో బ్యాలెన్స్ స్తంభానికి సంరక్షకుడిగా పుట్టినవాడు కెయిన్. 1996లో వచ్చిన బ్లడ్ ఓమెన్ చివర్లో అతని ముందు రెండు దారులుంటాయి. తను చచ్చిపోతే స్తంభాలు బాగుపడతాయి, వ్యాంపైర్ జాతి మాత్రం తనతోనే అంతరించిపోతుంది. బతికితే నేల కుళ్లిపోతుంది. కెయిన్ బతకడానికే ఒప్పుకుంటాడు. ఆ తర్వాత సారఫాన్ యోధుల సమాధి తెరిచి, ఒకప్పుడు వ్యాంపైర్లని వేటాడిన ఆ శవాలనే లేపి తన సేనాపతులుగా చేసుకుంటాడు. వాళ్లలో పెద్దవాడు రాజియెల్. కెయిన్ కంటే ముందు రాజియెల్‌కి రెక్కలు వచ్చాయి. కెయిన్ ఆ రెక్కల ఎముకలు విరిచి, అతన్ని లేక్ ఆఫ్ ది డెడ్‌లోకి తోయించేస్తాడు. 1999 నాటి సోల్ రీవర్ అక్కడే మొదలవుతుంది.

పగతో లేచొచ్చిన రాజియెల్‌కి రెండు గేమ్‌ల తర్వాత అర్థమయ్యేదేంటంటే, కెయిన్ చేతిలోని సోల్ రీవర్ కత్తిలో ఆకలితో అరుస్తున్న ఆత్మ ఎవరిదో కాదు, తనదే. ఆ గతి తప్పించుకోవాలని చివరిదాకా పెనుగులాడి, డిఫయన్స్ క్లైమాక్స్‌లో తనంతట తానే కత్తిలోకి వెళ్లిపోతాడు. ఆ త్యాగంతో కెయిన్‌కి పుట్టుకతో అంటుకున్న మలినం పోతుంది. అప్పటిదాకా కంటికి కనపడని ఎల్డర్ గాడ్ అనే శత్రువు మొదటిసారి కనపడతాడు. కెయిన్ అతన్ని రాళ్ల కింద పూడ్చేస్తాడు, చంపలేకపోతాడు. కట్.

ఇక్కడి నుంచి కథ అల్లమంటే పదిమందిలో తొమ్మిదిమంది రాసేది ఒకటే: కెయిన్ ఏదో మంత్రం కనిపెడతాడు, రాజియెల్ కత్తిలోంచి బయటికి వస్తాడు, ఇద్దరూ భుజం భుజం కలిపి ఎల్డర్ గాడ్‌ని చంపుతారు. శుభం కార్డు. ఆ ఆశ నాకు అర్థమవుతుంది. రాజియెల్ అంటే ఇష్టం లేనివాళ్లు ఈ సిరీస్ ఫ్యాన్సే కాదు. కానీ ఆ కథ రాస్తే డిఫయన్స్ ఉత్తుత్తి గేమ్ అయిపోతుంది. మూడు గేమ్‌ల పాటు ప్రతివాడి చేతిలో కీలుబొమ్మగా ఉన్నవాడు ఇష్టపూర్వకంగా చేసిన ఒకే ఒక్క పనిని మనం రద్దు చేసేసినట్టే. అతనికి మేలు చేస్తున్నాం అనుకుంటూ, అతనికి మిగిలిన ఆ ఒక్కటీ లాగేసుకుంటున్నాం.

అందుకే నా సీక్వెల్‌కి మొదటి నియమం: రాజియెల్ తిరిగి రాడు. ఒక్క డైలాగ్ కూడా మాట్లాడడు.

నా కథ

డిఫయన్స్ ముగిసేసరికి కెయిన్ ఏ కాలంలో ఉన్నాడో చాలామంది గమనించరు. స్తంభాలు అప్పుడే కూలాయి. అంటే బ్లడ్ ఓమెన్ క్లైమాక్స్ ఇప్పుడే అయింది. అంటే అదే నేల మీద, అదే సమయంలో ఇంకో కెయిన్ ఉన్నాడు. వయసులో చిన్నవాడు, త్యాగం చేయనని అప్పుడే తేల్చేసుకున్నవాడు, పొగరు మీద ఉన్నవాడు. ఆ చిన్న కెయిన్ రేపోమాపో సారఫాన్ సమాధి తలుపు తడతాడు. ఇంత పెద్ద విషయాన్ని సిరీస్ మన చేతికిచ్చి వెళ్లిపోయింది.

ఇప్పుడు పెద్ద కెయిన్ వైపు నుంచి ఆలోచించండి. చేతిలో కత్తి ఉంది, అందులో కొడుకులాంటివాడు ఉన్నాడు. అదే కొడుకు శవం కొన్ని రోజుల ప్రయాణం దూరంలో సమాధిలో పడుకుని ఉంది. ఆ శవాన్ని చిన్న కెయిన్‌కి చిక్కకుండా తగలబెట్టేస్తే చాలు. రాజియెల్ వ్యాంపైర్ అవడు, రెక్కలు విరగవు, నీళ్లలో కాలడు, కత్తిలో ఇరుక్కోడు. ఇన్ని యుగాల బాధ మొదలే కాదు. కానీ అప్పుడు కెయిన్‌ని శుద్ధి చేసేవాడు ఉండడు, ఎల్డర్ గాడ్ ఎప్పటికీ ఎవరికీ కనపడడు. రాళ్ల కిందున్న ఎల్డర్ గాడ్‌కి కూడా ఈ లెక్క తెలుసు. అతనికి కావలసిందీ అదే, ఆ శవం బూడిదవ్వడం.

నా గేమ్ మొత్తం ఈ ముడి చుట్టూనే తిరుగుతుంది. మోబియస్ చనిపోయాడుగానీ అతను పోగుచేసిన వ్యాంపైర్ వేటగాళ్లు పోలేదు. నాయకుడు లేని ఆ గుంపులకి కలల్లో సమాధి కనపడుతుంటుంది. ఎవరు చూపిస్తున్నారో వాళ్లకి తెలియదు. ఒక్కో ఊరి నుంచి కాగడాలు పట్టుకుని బయలుదేరుతారు. వాళ్లు చెడ్డవాళ్లు కూడా కాదు, వ్యాంపైర్ల చేతిలో పిల్లల్ని పోగొట్టుకున్నవాళ్లు. వాళ్లకంటే ముందు సమాధి చేరి దాన్ని కాపాడాల్సింది కెయిన్. దేనికోసం? చిన్న కెయిన్ వచ్చి రాజియెల్‌ని లేపడం కోసం. లేపి, వెయ్యేళ్లు వాడుకుని, చివరికి నీళ్లలోకి తోయించడం కోసం.

ఇందులో టెన్షన్ ఎక్కడుంది, జరిగేది ముందే తెలుసుగా అని ఒక ఫ్రెండ్ అడిగాడు. హరిశ్చంద్ర నాటకంలో కాటిసీను కోసం తెల్లవారుజామువరకు దుప్పటి కప్పుకుని కూర్చునే జనాన్ని ఆ మాట అడగమన్నాను. లోహితుడు ఏమవుతాడో, ఆ తండ్రి ఎవరి దగ్గర కాటిసుంకం అడగబోతున్నాడో తెలియనివాడు ఆ పందిట్లో ఒక్కడూ ఉండడు. అయినా ఆ సీను రాకుండా ఎవరూ లేవరు. కెయిన్‌ని నేను నిలబెట్టాలనుకుంటున్నది కూడా అలాంటి చోటే.

క్లైమాక్స్‌కి ఈ సిరీస్ రూలే నాకు సాయం చేస్తుంది. సోల్ రీవర్ కత్తి రెండు కాలాల నుంచి వచ్చి ఒకేచోట కలిస్తే కాలం మెలిక పడుతుంది, చరిత్ర మారే సందు దొరుకుతుంది. సోల్ రీవర్ 2 చూసినవాళ్లకి ఇది గుర్తుంటుంది. చిన్న కెయిన్ దగ్గరా అదే కత్తి, పెద్ద కెయిన్ దగ్గరా అదే కత్తి. ఇద్దరూ సమాధిలో ఎదురుపడితే చరిత్ర ఎటైనా తిరగొచ్చు. కాబట్టి పెద్ద కెయిన్ కత్తిని బయట వదిలేసి లోపలికి వెళ్లాలి. ఆఖరి ఫైట్‌లో సిరీస్ పేరు మోసిన ఆయుధం చేతిలో ఉండదు, గోళ్లతో కొట్లాడాలి.

ఆ కత్తి వదిలే క్షణం కట్‌సీన్‌లో పెట్టొద్దు. ప్లేయర్ చేత చేయించాలి. ద్వారం దగ్గర కెయిన్ ఆగుతాడు. మీరు ఎంతసేపు తిరిగినా ఏమీ జరగదు. మ్యాప్‌లో బాణం గుర్తు ఉండదు, స్క్రీన్ మీద బటన్ బొమ్మ రాదు. గేమ్ మొదట్లో ట్యుటోరియల్‌లో కత్తి కింద పెట్టడం నేర్పించిన బటనే, మధ్యలో ఎక్కడా అవసరం పడనిది, ఇక్కడ మీకు మీరే గుర్తుతెచ్చుకుని నొక్కాలి.

రెండు ముగింపులు పెట్టి ప్లేయర్‌ని ఎంచుకోనివ్వాలి కదా, బ్లడ్ ఓమెన్‌లో అలాగే ఉందిగా అని వాదించేవాళ్లున్నారు. ఆ వాదనలో బలం ఉంది, ఒప్పుకుంటా. కానీ రెండో ముగింపు పెట్టగానే ఇంటర్నెట్‌లో దానికి మంచి ముగింపు అని పేరు పడుతుంది, ఇంకోదాన్ని చెడ్డ ముగింపు అంటారు, యూట్యూబ్‌లో పది నిమిషాల్లో రెండూ చూసేసి లేచిపోతారు. బ్లడ్ ఓమెన్‌లో కూడా చివరికి ఒకటే అసలు ముగింపుగా నిలిచింది, తర్వాతి గేమ్‌లన్నీ దానిమీదే నడిచాయి.

లోపల చిన్న కెయిన్ వస్తున్న అడుగుల చప్పుడు వినపడుతుంది. పెద్ద కెయిన్ చీకట్లోకి తప్పుకుంటాడు. శవపేటిక మూత జరిగిన శబ్దం. మనకి రాజియెల్ మొహం కనపడదు. బయట నేల మీద ఉన్న కత్తి ఒక్కసారి వెలుగుతుంది, ఆరిపోతుంది. అంతే, పేర్లు పడతాయి.

చంపిన ప్రతిసారీ లెక్క

కథ ఎంత బాగున్నా చేతికి తగలకపోతే అది గేమ్ కాదు. సోల్ రీవర్ గొప్పతనమే అది. భౌతిక లోకం నుంచి ఆత్మల లోకానికి మారగానే గోడలు వంగేవి, మెట్లు పుట్టుకొచ్చేవి. అదీ 1999లో, మొదటి ప్లేస్టేషన్ మీద, లోడింగ్ స్క్రీన్ లేకుండా డిస్క్ నుంచి లెవెల్‌ని ముక్కలుగా లాగుతూ. ఇప్పటి వేగమైన ఎస్ఎస్‌డీల కాలంలో కూడా తలుపు సందులోంచి పక్కకి నడిపించి లోడింగ్ దాచే గేమ్‌లు చూస్తుంటే ఆ టీమ్‌కి దండం పెట్టాలనిపిస్తుంది.

కెయిన్‌కి లోకాలు మారే శక్తి లేదు. కాబట్టి నా గేమ్‌లో ముఖ్యమైన మెకానిక్ వేరే. ఎల్డర్ గాడ్ తిండి ఆత్మలు. ఎవరు చచ్చినా ఆత్మ అతని చక్రంలోకి చేరుతుంది. వ్యాంపైర్లు చావరు కాబట్టే వాళ్లంటే అతనికి పడదు. సోల్ రీవర్ కత్తి మాత్రం ఆత్మని తనే తినేస్తుంది, అతనికి మిగల్చదు. దీన్ని ప్రతి కొట్లాటలోకి తెస్తా. శత్రువు మోకాళ్ల మీద పడ్డాక మీకు రెండు దారులు. రక్తం తాగితే మీ హెల్త్ నిండుతుంది, కానీ ఆత్మ ఎల్డర్ గాడ్‌కి పోతుంది, ఆ లెవెల్ గోడల మీద అతని టెంటకిల్స్ ఇంకొంచెం పాకుతాయి. కత్తితో పొడిస్తే అతనికి ఆకలి, మీకు హెల్త్ లేదు. పైగా కత్తి తిన్న ప్రతి ఆత్మతో లోపలున్నవాడు తను ఎవరో ఇంకాస్త మర్చిపోతాడు. కంట్రోలర్ వైబ్రేషన్ మొదట్లో ఒక లయలో కొట్టుకుంటుంది, గుండెలాగా. కత్తిని ఎంత వాడితే ఆ లయ అంత చెదిరిపోతుంది. మీటరు ఉండదు, అంకె ఉండదు. ఇప్పటి కంట్రోలర్లలో ఉన్న హ్యాప్టిక్స్‌ని బాణం లాగినట్టు, బ్రేకు తొక్కినట్టు అనిపించడానికే వాడుతున్నారు. ఒక పాత్రని చేతుల్లో మోస్తున్నట్టు అనిపించడానికి వాడితే ఎలా ఉంటుందో చూడాలని ఉంది.

కెమెరా గురించి ఒక్క మాట. డిఫయన్స్ ఫిక్స్‌డ్ కెమెరా వద్దే వద్దు.

ఎల్డర్ గాడ్‌కి గొంతు వద్దు

ఇది నా కథలో అన్నిటికంటే మొండి పట్టు. ఎల్డర్ గాడ్‌కి గొంతిచ్చిన టోనీ జే 2006 ఆగస్టులో చనిపోయారు. ఆ గొంతు విన్నవాళ్లకి తెలుసు, నేల కింద నుంచి వస్తున్నట్టే ఉండేది. సీక్వెల్ తీస్తే ఆ పాత్రకి ఎవరో ఒకరిని పెట్టాలి. అనుకరించేవాడు దొరకొచ్చు. ఇప్పుడైతే పాత రికార్డింగులు వేసి ఏఐతో గొంతు పుట్టిద్దాం అనే మహానుభావులు కూడా తయారవుతారు. రెండూ వద్దు.

కథే దారి చూపిస్తోంది. అతను పూడుకుపోయి ఉన్నాడు, కాబట్టి మాట్లాడడు. మూడు గేమ్‌ల పాటు ఉపదేశాలు ఆపనివాడు ఇప్పుడు నిశ్శబ్దం. ఎక్కడ చూసినా టెంటకిల్స్ ఉంటాయి, కెయిన్‌కి ఇప్పుడు అవి కనపడతాయి, కానీ చప్పుడుండదు. పక్కన నడిచే మామూలు మనుషులకి కనపడవు. సంతలో బేరమాడుతున్న ముసలావిడ కాళ్ల మధ్య నుంచి అది పాకుతుంటుంది, కెయిన్ ఒక్కడే చూస్తుంటాడు. దీనికంటే భయపెట్టే డైలాగ్ ఎవరు రాస్తారు చెప్పండి?

గొంతుల విషయంలో ఇంకో తొందర కూడా ఉంది. రాజియెల్ గొంతు మైకేల్ బెల్ 1938లో పుట్టారు. కెయిన్ గొంతు సైమన్ టెంపుల్‌మన్ 1954లో. జానోస్ ఆడ్రన్‌కి గొంతిచ్చిన రెనే ఆబర్జెన్వా 2019లో వెళ్లిపోయారు. ఈ సిరీస్‌ని నిలబెట్టింది ఏమీ హెన్నిగ్ టీమ్ రాత ఎంతో, ఆ గొంతులూ అంతే. టెంపుల్‌మన్ లేని కెయిన్‌ని నేనైతే ఆడలేను. నా కథలో మాట్లాడేది దాదాపు కెయిన్ ఒక్కడే అన్నది అందుకు కూడా కలిసొస్తుంది. ఒక మనిషిని స్టూడియోలో కొన్ని వారాలు కూర్చోబెడితే చాలు.

ఎవరు తీస్తారు మరి?

2022లో ఎంబ్రేసర్ గ్రూప్ క్రిస్టల్ డైనమిక్స్‌తో పాటు ఈ సిరీస్‌నీ స్క్వేర్ ఎనిక్స్ నుంచి కొనేసింది. 2024 డిసెంబర్‌లో ఆస్పైర్‌తో కలిసి సోల్ రీవర్ 1, 2 రీమాస్టర్లు వచ్చాయి. అక్కడిదాకా శుభమే. కానీ క్రిస్టల్ డైనమిక్స్ చేయి వేసిన పర్ఫెక్ట్ డార్క్‌ని మైక్రోసాఫ్ట్ 2025 జూలైలో ఆపేసింది. పెద్ద బడ్జెట్, ఏళ్ల తరబడి పని, చివరికి చేతికొచ్చింది ఏమీ లేదు. డెడ్ సన్‌కి అయిందీ అదే.

కాబట్టి 100 గంటల ఓపెన్ వరల్డ్ అడగడంలేదు. స్కిల్ ట్రీలు, క్రాఫ్టింగ్, రంగురంగుల లూట్ ఏదీ వద్దు. కూలిన స్తంభాలు, రెండు మూడు ఊళ్లు, ఒక అడవి దారి, సమాధి. ఎనిమిది పది గంటల గేమ్. రీమాస్టర్ ధర కంటే కొంచెం ఎక్కువ పెట్టినా కొంటారు. హ్యాండ్‌హెల్డ్ మీద కూడా సాఫీగా నడిచేంత బరువుంటే ఇంకా మంచిది, రాత్రి లైట్లు ఆర్పేసి చేతిలో పట్టుకుని ఆడే గేమ్ ఇది. ఇంత చిన్న గేమ్‌ని మధ్యలో ఆపేయాలన్నా పబ్లిషర్‌కి పెద్దగా మిగిలేది ఉండదు.

బ్లడ్ ఓమెన్ 2ని ఈ కథలో ఎక్కడ ఇరికిస్తావ్ అని అడిగేవాళ్లు కచ్చితంగా ఉంటారు. ఇరికించను. ఆ గేమ్‌ని టైమ్‌లైన్‌లో సర్దడానికి సిరీస్ రాసినవాళ్లే నానా తంటాలు పడ్డారు, నేనెంత.

రీమాస్టర్ చేతిలో ఉన్నవాళ్లు ఒక పని చేయండి. మొదటి గేమ్‌లో సారఫాన్ సమాధికి వెళ్లినప్పుడు తొందరపడి దాటేయకండి. శవపేటికల దగ్గరికి వెళ్లి రాసున్న పేర్లు చదవండి. అక్కడ గ్రాఫిక్స్ మార్చే బటన్ నొక్కి 1999 నాటి రూపంలో కూడా ఒకసారి చూడండి. పాలిగాన్లు తక్కువే, రాళ్లు మసకమసకగా ఉంటాయి. రాజియెల్ తన పేరున్న పేటిక ముందు నిలబడి ఉంటాడు, మూత అప్పటికే తీసి ఉంటుంది. అది తీసినప్పుడు ఆ గదిలో ఇంకెవరున్నారన్నదే నా గేమ్.